వేళ తప్పని నక్షత్రం

జమ్మలమడుగు, ఆదివారం రాత్రి

పార్టీ మారినప్పటి నుంచి మామ పొలానికి రోజుకో దారిన, రోజుకో వేళకు పోతున్నాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర నా పనేమిటని అడిగాడు. నేను చూసే పల్సర్ అనే నక్షత్రం సెకనుకు వందలసార్లు తిరుగుతుందనీ, అది వేళ తప్పకుండా పంపే రేడియో తరంగాలను టెలిస్కోపుతో పట్టుకుంటామనీ చెప్పాను.

"ఒక్కతూరి గూడా వేళ తప్పదా?"

"తప్పదు మామా. మళ్లా ఎప్పుడొస్తాదో ముందే చెప్తాం."

"ఈడ పుట్టింటే శానా రోజులు బతికేది కాదప్పా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చేయి కడుక్కుంటూ, "రేపు ఏ బండికి పోతాండావు?" అన్నాడు.

"ఎప్పుడూ పోయేదే, ఎర్రగుంట్ల స్టేషన్లో పొద్దున బండి."

టికెట్టు చూపించమన్నాడు. ఇచ్చాను. చూడకుండానే చింపేశాడు.