పెట్టె ఇంకా కట్టవద్దని మనవి

దోహాలోని భారత రాయబార కార్యాలయంలో కార్మికుల మంచిచెడ్డలు చూచు అధికారి గారి సముఖమునకు,

జగిత్యాల జిల్లా ఎర్రగుంటపల్లి వాస్తవ్యుడు, ప్రస్తుతం ఖతార్ దేశం బిర్కత్ అల్ అవామిర్‌లోని లేబర్ క్యాంపులో ఉంటూ స్కఫోల్డింగ్ పని చేయు తోకల నర్సింగ్ రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ప్రాణంతో ఉన్న నా మృతదేహాన్ని స్వదేశానికి పంపు ఏర్పాట్లను నిలుపుదల చేయించుట గురించి.

తమరు తెలుగువారని విని తెలుగులోనే రాయుచున్నాను. మా మేనమామ జగిత్యాలలో తహసీల్ ఆఫీసు గేటు పక్కన కూర్చుని జనానికి అర్జీలు రాసిచ్చేవాడు. అర్జీలో ఏడవరాదు, ఏడిస్తే ఆఫీసరు కాగితం పక్కన పెట్టేస్తాడు అనేవాడు. ఆ మాట గుర్తు పెట్టుకునే రాయుటకు ప్రయత్నించుచున్నాను.

1. నాకు ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ ఉన్నట్లు ఇక్కడి ఆస్పత్రి వారు నిర్ధారించినారు. అది గొంతుకు పోయే నరాన్ని నొక్కినందున నా స్వరం పోయింది. ఇప్పుడున్నది బొంగురు గొంతు. గడ్డను కిరణాలతో కాల్చవలెనట. కాని అది ఊపిరి తీస్తే ఒక చోట, వదిలితే ఒక చోట ఉంటుంది. అలా కదిలేదానికి గురి కుదరదు గనుక, సూదితో దాని చుట్టూ బంగారు గింజలు దింపినారు. ఒక్కొక్కటి సగం బియ్యపు గింజంత. యంత్రం గడ్డను చూడదు, ఆ గింజలను చూస్తుంది. నా ఊపిరితో పాటు అవి కదిలితే కిరణం వాటి వెంట పోతుంది. నేను దగ్గితే యంత్రం ఆగి, ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెడుతుంది. ఈ దేశంలో నా కోసం ఆగింది అదొక్కటే. వైద్యంపై నాకు ఫిర్యాదు లేదు.

2. నా గదిలో ఉండే గజేందర్ మా ఊరివాడే, మంచివాడు. మంచితనంతోనే మా తల్లి గౌరవ్వకు ఫోన్ చేసి ధైర్యం చెప్పబోయాడు.

"అవ్వా, రంది పడకు. పెద్ద దవాఖానల ఏసిండ్రు. నర్సింగ్‌కు బంగారం గూడ పెట్టిండ్రు."

ఆమె ఒక్కటే అడిగిందట.

"ఎప్పుడు పెట్టిండ్రు బిడ్డా?"

"నిన్న పొద్దుగాల."

అంతే, ఫోన్ పెట్టేసింది. అయ్యా, మా ఇంటి ఆచారం తమకు తెలియకపోవచ్చు. మా ఇళ్లలో మనిషికి బంగారం పెట్టేది ఒక్కసారే, ప్రాణం పోయేటప్పుడు, నోట్లో, తులసి నీళ్లతో. మా నాయనకు తన ముక్కుపుల్ల తీసి పెట్టింది ఆమే. గజేందర్ గింజల సంగతి చెప్పాడు. ఆమెకు నా చావు కబురు అందింది.

3. ఆమె తెలివితక్కువది అని తమరు అనుకోరాదు. మా పక్కింటి జలంధర్ ఇదే ఖతార్‌లో పరంజా మీది నుంచి పడి అక్కడికక్కడే పోయాడు. అయినా వాడు ఆస్పత్రిలో ఉన్నాడనీ కోలుకుంటున్నాడనీ వాడి తల్లికి చెప్పుతూ వచ్చారు. గదిలో ఒకడు వాడి గొంతుతో ఫోన్‌లో మాట్లాడాడు కూడా. పెట్టె విమానం దిగే దాకా ఊరంతా ఆ మాట మీదనే ఉంది. గల్ఫ్‌లో పోయినవాళ్ల ఇళ్లకు మేమంతా ఇట్లాగే కబురు చేస్తాం. అది దయ అనుకుంటాం. ఆ దయను మా తల్లి కళ్లారా చూసింది.

కావున ఈ బొంగురు గొంతుతో నేను ఫోన్ చేస్తే ఆమె రెండు మాటలు విని, "నర్సింగ్ లెక్క మాట్లాడకు బిడ్డా, పాపం తాకుతది" అంటుంది. చిన్నప్పుడు నేను బర్రె మీది నుంచి పడి చేయి విరగ్గొట్టుకున్నది చెప్పాను. "వాడే చెప్పి ఉంటడు నీకు" అంది. వీడియోలో ముఖం చూపిద్దామంటే ఆమె కళ్లకు పొరలు వచ్చినవి, మనిషి నీడ తప్ప కానరాదు. ఊరివాళ్లు చూసి, నర్సింగే అవ్వా, బతికే ఉన్నాడు అని చెప్పారు. జలంధర్ అప్పటిలాగే ఊరంతా ఒక్క మాట చెబుతుండగా, నేను పోయాననడంలో ఆమెకు ఇంక అనుమానమే లేకుండా పోయింది.

4. ఆ మసక చూపుతోనే, దారి అడుగుతూ ఆమె ఒక్కతే బస్సెక్కి జగిత్యాల పోయి, ప్రజావాణిలో కలెక్టరు గారికి వేలిముద్ర వేసి అర్జీ ఇచ్చింది. నా కొడుకు దుబాయ్‌లో పోయిండు, పెట్టె తెప్పించుండ్రి అని. దుబాయ్ అని రాసినా, పాస్‌పోర్టు, ఖతార్ వీసా నకళ్లు జతచేసినందున కాగితం దారి తప్పక ఖతార్‌కే చేరి, విచారణ నిమిత్తం మా కంపెనీకి వచ్చింది. నేను డ్యూటీకి రాక చాలా కాలమైంది. కంపెనీ ఆఫీసులో ఎవరో క్యాంపులో వాకబు చేయకుండానే నన్ను పోయినవారిలో కలిపి, నా ఐడీ కార్డు రద్దుకు పెట్టినారు. బతికున్న వాడికి సెలవు ఇమ్మంటే ఎన్నోసార్లు తిప్పిన ఆఫీసు, చచ్చినవాడి పని ఇంత తొందరగా చేస్తుందని నాకు తెలియదు.

5. నేను ఆస్పత్రి నుండి క్యాంపుకు వచ్చేసరికి నా మంచం మీద వేరే మనిషి నిద్రపోతున్నాడు. నా బట్టలు, చెప్పులు, అద్దం అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి, పైన నా పేరు, మా ఊరి పేరు రాసి తలుపు పక్కన పెట్టినారు. క్యాంప్ బాస్ ఖుత్బుద్దీన్ హైదరాబాద్ మనిషి. అతడిని అడిగాను.

"నర్సింగ్ భాయ్, నువ్వు సిస్టమ్‌ల లేవు. లేనోనికి మంచం ఎట్ల ఇస్త చెప్పు?"

"నేను నీ ముంగట్నే నిలబడ్డ గద!"

"నాకు కండ్లున్నయ్ భాయ్. ఆఫీసుకు లేవు. మై క్యా కరూఁ?"

అతని తప్పు లేదు. ఆ రోజు నుండి గజేందర్ మంచం పక్కన నేల మీద పడుకొనుచున్నాను. దారిన పోయేవాళ్లు ఆ అట్టపెట్టెను తప్పుకుని నడుస్తున్నారు. నేను కూడా దాన్ని విప్పలేదు. విప్పడానికి చేయి రాలేదు.

6. ఇది ముఖ్యమైనది. యంత్రం నడిపే నూరైన్ గారు రోజూ నాతో ఉర్దూలో ఏదో ఒకటి మాట్లాడి నవ్విస్తారు. మొన్న తెర మీద బొమ్మ చూసి మాట్లాడటం ఆపేశారు. డాక్టరును పిలిచారు. ఇద్దరూ గాజు గది లోపల చాలాసేపు నిలబడ్డారు. గింజల నడుమ ఎడం పెరిగిందట. గింజలే జరిగి ఉంటే గురి మళ్లీ సరిచేస్తారట. గింజలు ఉన్నచోటే ఉండి నడుమ గడ్డ పెరిగి ఉంటే సంగతి వేరట. వేరు అంటే ఏమిటో డాక్టరు చెప్పలేదు. నేను బయటికి వచ్చేటప్పుడు నూరైన్ గారు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారని అడిగారు. అంతకు ముందు ఎప్పుడూ అడగలేదు. ఉన్నది మా తల్లి ఒక్కతే అన్నాను. ఆమె తల వంచుకున్నారు.

ఏది నిజమో తేలాలంటే మళ్లీ స్కాన్ తీయాలి, దానికి తేదీ కూడా ఇచ్చినారు. స్కాన్ తీయాలంటే నా ఐడీ కార్డు చెల్లుబాటు కావాలి. కార్డు చెల్లాలంటే నేను బతికి ఉండాలి. వైద్యం నడుమ ఆపితే గడ్డ ఊరుకోదని డాక్టరు ముందే హెచ్చరించినారు. అయ్యా, నాకు భయంగా ఉంది. ఈ మాట అర్జీలో రాయకూడదని తెలుసు, అయినా రాసితిని.

కావున తమతో మనవి:

మొదటిది, నేను బతికే ఉన్నానని కంపెనీ వారికి తెలియజేసి, కార్డు రద్దును వైద్యం ముగియు వరకు ఆపించవలెను. అనుమానముంటే తమ ముందు హాజరై ఊపిరి పీల్చి చూపగలను.

రెండవది, ప్రభుత్వం వారి తరఫున ఎవరైనా మా తల్లికి ఫోన్ చేసి, నీ కొడుకు ప్రాణంతో ఉన్నాడని చెప్పవలెను. ఊరివాళ్ల మాట నమ్మకపోయినా సర్కారు మాట నమ్ముతుంది. ఆమెకు ఇప్పటికీ సర్కారంటే గౌరవం.

పై సంగతులన్నీ దయతో చిత్తగించవలెను, నా స్కాన్ తేదీ దాటకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తోకల నర్సింగ్
(సంతకం నాదే. గజేందర్ సాక్షి.)

తా.క.: అయ్యా, అర్జీ మడిచి కవరులో పెట్టబోతుంటే మా అవ్వ తనంతట తానే గజేందర్ నంబరుకు ఫోన్ చేసింది. అతడు ఫోన్ గదిలోనే పెట్టి బయటికి పోయినందున నేనే ఎత్తాను. ఆమె నన్ను నర్సింగ్ అనలేదు, గజేందర్ అని కూడా అనలేదు.

"నువ్వు ఎవ్వలవో గని బిడ్డా, రోజూ నాకు ఫోన్ చేత్తున్నవు. వాడు పోంగ పక్కన ఉన్నవా?"

కాదు అవ్వా, నేనే అని నోటిదాకా వచ్చింది. కాని ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడ్చేసి, లేచి, ముఖం కడుక్కున్న మనిషి గొంతు అది.

"ఉన్న అవ్వా."

"బాధపడ్డడా?"

"లేదవ్వా. నిద్రల పోయిండు."

"నన్ను అడిగిండా?"

"నిన్నే అడిగిండు."

"సల్లగుండు బిడ్డా" అని, పొద్దున ఇంత జావ తాగానని కూడా చెప్పి, పెట్టేసింది. ఇన్ని రోజుల్లో ఆమె ఏదైనా తిన్నానని చెప్పడం ఇదే మొదలు.

కావున నా రెండవ కోరికను కొట్టివేయవలెను. ఆమెకు ఎవ్వరూ ఫోన్ చేయవద్దు. స్కాన్‌లో ఏముందో తేలే వరకు ఆగండి. నేను బతికితే నేనే పోయి గడపలో నిలబడి చెప్పుకుంటాను. లేకపోతే ఆమె ఒకసారి ఏడ్చింది, అది చాలు.

మొదటి కోరిక మాత్రం త్వరగా చూడండి సారూ.