దుంగల గోడకు కొత్త గుమ్మం

శనివారం రాత్రి, తెల్లాపూర్

మామయ్యగారు ముచ్చటపడి కట్టించిన ఈ దుంగల ఇంటి నడిమి గోడకు ఇవాళ గుమ్మం తీయించాం. ఇటు మేము, అటు మా ఆయన అక్క రాజ్యం వదిన. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆవిడ మెట్లు దిగి, చుట్టూ తిరిగి మా వైపు రాలేకపోతున్నారు.

కప్పు బరువంతా ఆ గోడ మీదే ఉంది. బోరబండ నుంచి వచ్చిన వడ్రంగి యాదగిరి ముందుగా దూలం కింద ఆసరా కర్రలు నిలబెట్టాడు. అయినా సగం కోసేసరికి రంపం దుంగల మధ్య బిగుసుకుపోయి, ఇల్లంతా కిర్రుమంది. నేను బయటికి పరుగెత్తాను.

"పరేషాన్ గాకమ్మా, కప్పు ఏడికీ పోదు," అంటూ అతను ఇంకో కర్ర బిగించాడు.

చివరి ముక్క ఊడగానే అవతల వదిన నవ్వుతూ కనిపించారు. ఆవిడ మంచం ఇంత దగ్గరగా ఉందా! ఇన్నేళ్లూ మా మాటలు ఎన్ని విన్నారో.

"తలుపుకు గడియ ఏ దిక్కు పెట్టాలె?" అని యాదగిరి అడిగాడు.

"నీ వైపు పెట్టించుకో," అన్నారు వదిన.

"వద్దండి, మీ వైపే ఉండనివ్వండి," అన్నాను.

"రేపటిదాక జర ఆలోచించుండ్రి," అని అతను నవ్వుతూ వెళ్లిపోయాడు.

ప్రస్తుతానికి తెర కట్టాం. వదినకు నిజంగానే గడియ అక్కర్లేదా, లేక నాకు కావాలేమోనని అలా అన్నారా? పొద్దున అడుగుతాను. అదే ప్రశ్న ఆవిడ తిరిగి నన్నడిగితే ఏమంటానో మాత్రం ఇంకా తెలియడం లేదు.