కూలర్‌లో బొచ్చె ముక్కలు

మృగశిర కార్తె, రాత్రి

కార్తె రోజున చేపల కోసం కొట్టుకోవాల్సి వస్తుందని, ముందే బొచ్చె ముక్కలు తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టాను. నిన్న రాత్రి కింది అరలోకి దించడం మర్చిపోయాను. పొద్దున చూస్తే రాయి! ఆఫీసుకు వెళ్తూ అత్తమ్మకు చెప్పాను: వేడినీళ్లు వద్దు, ఊరికే బయట పెట్టొద్దు, కవర్ గట్టిగా ముడేసి చన్నీళ్లలో ఉంచి, మధ్యమధ్యలో నీళ్లు మార్చమని.

సాయంత్రం గడప దగ్గరే వాసన తగిలింది. లోపల కూలర్ ఫుల్లు స్పీడులో తిరుగుతోంది. దాని నీళ్ల తొట్టిలో చేప ముక్కలు, కవర్ ముడి ఊడిపోయి.

"ఇంట్ల గంత సల్లటి నీళ్లు ఇంకేడున్నయే? మోటర్ తిప్పుతనే ఉంటది, మార్చే పని గూడ లేదు," అంది అత్తమ్మ గర్వంగా.

ఆ మురికినీళ్లలో నానిన చేప ఎలా తింటాం? మొత్తం పారేశాను. కార్తె నాడు టమాటా చారు!

అంతలో అత్తమ్మకు పై అంతస్తు ఓనరమ్మ ఫోన్. చేప పేరెత్తితేనే మొహం తిప్పుకునే మనిషి. "అక్కా, రేపు మా ఇంట్ల పూజ. మా కూలర్ ఖరాబైంది, మీది జర ఇస్తరా?"

"దానికేమున్నది, తీస్కపోండ్రి!" అనేసింది అత్తమ్మ. నేను గుడ్లు ఉరిమితే, "ఫికర్ ఎందుకే, నీళ్లు మార్చి ఇద్దాం," అంది.

మార్చాం. తొట్టి కడిగాం, నిమ్మకాయలు పిండాం. చూద్దామని కూలర్ వేస్తే, గల్లీ పిల్లి వచ్చి దాని ముందు కూర్చుంది. ఎంత అదిలించినా లేవడం లేదు.