వడ్డాది ఏ దేశంలో ఉంది?

దుర్గక్కా,

ఢిల్లీలో బాగానే ఉన్నాను, జ్వరం తగ్గింది. ఫోనులో అయితే మధ్యలో అడ్డొస్తావని కార్డు రాస్తున్నాను.

మన దేశంలో మనుషుల హక్కులు ఎలా ఉన్నాయని త్వరలో జెనీవాలో, ఐక్యరాజ్యసమితిలో మిగతా దేశాలు అడుగుతాయి, మనవాళ్లు జవాబు చెప్పాలి. మొన్న ఆఫీసులో దానికి రిహార్సల్ జరిగింది. నా ముందు ఒక పరాయి దేశం పేరున్న పలక పెట్టి, గట్టిగా ప్రశ్నలు వెయ్యమన్నారు. "మీ దేశంలో" అనాల్సింది పోయి, "మా వడ్డాదిలో బంగార్రాజు బాబాయి సెప్టిక్ ట్యాంకులో దిగి చచ్చిపోతే ఎవరిని శిక్షించారు?" అనేశాను.

"వడ్డాది ఏ దేశంలో ఉంది మేడమ్?" అని ఒకాయన అడిగితే అందరూ నవ్వారు. మా పెద్ద ఆఫీసరు నవ్వలేదు. "అడిగినావిడే జవాబు రాయాలి, నెలాఖరులోగా" అన్నాడు.

అక్కా, చోడవరంలో ఆటో ఎక్కి వడ్డాది వెళ్లు. బాబాయి కేసు ఏమైందో, ఆయన్ని ట్యాంకులో దింపిన కాంట్రాక్టరును ఎవరైనా పిలిచి అడిగారో లేదో గున్నమ్మ పిన్నినే అడిగి కనుక్కో. పోయినసారి "ఎవుడొచ్చేడే గుంటా? నువ్వడిగి ఏటి సేస్తావ్?" అని నన్ను కసిరింది. నిన్నూ కసురుతుంది, పడు. ఆవిడ పేరు రాయొద్దంటే రాయను. విన్నది విన్నట్టు నాకు ఫోన్ చెయ్యి. "తగిన చర్యలు తీసుకున్నాం" అన్న వాక్యం ఇక్కడ జవాబులో ముందే టైపు చేసి పెట్టారు.

సన్నీగాడి దగ్గు తగ్గిందా? నా శాలువా పంపు, చలి మొదలైంది. బావకు, పిన్నికి దండాలు.

పరాయి దేశమై అడిగినప్పుడు ఒక్క మాటకీ తడుముకోలేదే. మన దేశమై జవాబు రాయబోతే మొదటి వాక్యమే మూడుసార్లు కొట్టేశాను.

ప్రవల్లిక