చేపల తక్కెడలో బూట్లు

బందరు, 12-2-98

చెల్లెమ్మ నాగరత్నానికి అన్నయ్య దీవెనలు.

ముప్పయ్యేళ్ల కిందట నన్ను కేదారం తీసుకెళ్తానని మాటిచ్చినవాడు, చెప్పకుండా తానొక్కడే వెళ్లొచ్చాడు. ఈ మే నెలలో నేనే వెళ్తున్నాను. మోకాళ్ల కోసం తేలికపాటి బూట్లు చూసి, కిరాణా కొట్లో తూయించబోయాను. "బియ్యం తూచే తక్కెడండీ!" అని కొట్టువాడు కసిరాడు. చేపలమ్మే గంగాదేవి తూచింది. "ఒక్క పండుగప్ప పాటి బరువు లేవు మాస్టారూ, ఎగిరిపోతారు!" అంది. అవే కొన్నాను. నిన్న తెల్లవారుజామునే మొదటి బస్సులో మోపిదేవి వెళ్లి, కరకట్ట మీద వేసుకుని నడిచాను. కృష్ణ మీద పొగమంచు కదులుతుంటే, మబ్బుల్లో కొండెక్కుతున్నట్టే ఉంది.

ఉన్ని మేజోళ్లు అల్లి పంపు. నీ దగ్గు తగ్గిందా? నీకూ పిల్లలకూ ఆశీస్సులు. పోస్టుమాన్ కూడా చదవాలనే కవరు కొనక కార్డు మీద రాస్తున్నాను. నా కాళ్లలో బలమున్నప్పుడు నన్ను వదిలేసి కేదారం వెళ్లినవాడు మీ ఆయన ఏడుకొండలు.