పైనున్న పిల్ల

నవంబర్ 17, ఆదివారం

నా పేరు ఐలవ్వ. ఊరు మల్యాల. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్తుంటే పక్కింటి ప్రవీణ రాస్తోంది. కేసు పెడితే ఏ రోజు ఏం జరిగిందో అడుగుతారట. అడగనీ. అన్నీ చెప్తాను.

నిన్న కోరుట్లలో రగ్బీ మ్యాచ్. నా మనుమరాలు శ్రీలత జగిత్యాల టీం. బాల్ పట్టుకుని ఉరుకుతుంటే సిరిసిల్ల పిల్లలు పడగొట్టారు. పడ్డదాని మీదికి రమ అనే పిల్ల వంగింది. దాని వెనుక ఇంకొందరు, ఎదురుగా మావాళ్లు, ఒకటే తోపులాట. నా శ్రీలత కనిపించలేదు. నేను చూస్తూ కూర్చునే మనిషినా? గ్రౌండ్‌లోకి ఉరికి రమ మెడ పట్టి గుంజాను. వాళ్ల నాయనవి మరమగ్గాలని, అదే సాంచెలని, ముందే విన్నాను. "నీ సాంచెలు బందుగాను" అని తిట్టాను కూడా.

శ్రీలత కాలర్ బోన్ విరిగింది. విరగ్గొట్టింది ఆ రమే.

నవంబర్ 18

బడికి పోయి కంప్లైంట్ మీద వేలిముద్ర వేశాను. అది తేలేదాకా రమను స్టేట్ క్యాంప్‌కు పంపరట. మంచిగైంది అన్నాను. శ్రీలత కూడా ఆ క్యాంప్‌కే సెలెక్ట్ అయింది. ఇక పోలేదు.

నవంబర్ 19, పొద్దున

"రమ నన్ను తొక్కకుంట కాళ్లు ఎడంగ వెట్టి నిలవడ్డది అవ్వా, గా పిల్ల తప్పేం లేదు" అంటోంది శ్రీలత. మందుల మత్తు. ఇది రాయకు అన్నాను. ప్రవీణ రాసేసింది.

నవంబర్ 20

అన్నం సయించలేదు.

నవంబర్ 21

బడిలో ఆటలు నేర్పే సంజీవ్ సార్ ఇంటికొచ్చాడు. గడప దాటకముందే తిట్టాను. "తిట్టుడు తర్వాత తిట్టు అవ్వా, ముందుగాల గిది సూడు" అని ఫోన్‌లో వీడియో పెట్టాడు.

ఆ తోపులాటను రక్ అంటారట. కిందపడ్డ పిల్ల మీద పడకూడదట. కాళ్ల మీదే నిలబడాలట. వెనుక నుంచే రావాలి, పక్క నుంచి రాకూడదు. మెడ అసలే పట్టకూడదు. ఆడేవాళ్ల ప్రాణం కోసమే ఈ రూల్స్ అట.

వీడియోలో రమ, శ్రీలతకు అటొక కాలు ఇటొక కాలు పెట్టి, రెండు వైపుల బరువూ భుజాల మీద ఆపుతోంది. కింద శ్రీలత బాల్ వదిలి ముడుచుకుంది. ముఖంలో నొప్పి లేదు. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. అంతలో పక్క నుంచి ఒక పచ్చచీర దూసుకొచ్చి రమ మెడ పట్టింది. రమ పడింది. దాని మీద అందరూ పడ్డారు. అందరి కింద నా మనుమరాలు.

ఆ పచ్చచీర నాది.

నేను కూలికి పోయే వడ్లు కొనే సెంటర్‌లో బస్తాలు కూలి ఎవరైనా కింద పడితే, ముందు పైది గుంజుతాం. నా చేతులకు తెలిసింది అదే. బస్తా అనుకున్నాను. గుంజింది పైకప్పు మోసే నిట్టాడును. గుడిసంతా కూలింది.

రేపు కంప్లైంట్ వాపస్ తీసుకుంటానన్నాను. "గంతేనా? తిట్టిన తిట్టు ఎవలు వాపస్ తీస్కుంటరు?" అన్నది ప్రవీణ. దీనికి నోరెక్కువ. ఇది కూడా రాసుకో.

నవంబర్ 22

కంప్లైంట్ వాపస్ అయింది. అక్కడి నుంచే సిరిసిల్ల బస్సెక్కాను.

రమ నాయన రాజం సాంచెల షెడ్‌లో ఉన్నాడు. తప్పు నాది అన్నాను. ఆ చప్పుడులో వినిపించలేదు. "ఏందవ్వా? జర గట్టిగ" అన్నాడు. అరిచాను. చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. ఊపిరంతా కూడదీసుకుని, "నీ బిడ్డ మెడ గుంజింది నేనే, మా పిల్ల బొక్క ఇరగ్గొట్టింది నేనే" అని మళ్లీ అరిచేసరికి అతను సాంచెలు ఆపేశాడు. సగం మాట ఆ నిశ్శబ్దంలో పడింది. బజారు దాకా వినిపించి ఉంటుంది. బందుగాను అని తిట్టినదాన్ని నేను, నా మాట వినడానికే అతను వాటిని బంద్ చేశాడు.

రమ వచ్చింది. మెడ మీద నా గోళ్ల గీతలు ఇంకా మానలేదు. "శ్రీలతకు ఎట్లున్నది అవ్వా?" అని అడిగింది. తిట్టినా బాగుండేది.

డిసెంబర్ 1, ఆదివారం

రమ క్యాంప్‌కు పోయింది. ఫోన్‌లో ఫొటో చూసి శ్రీలత ఒంటి చేత్తో తొడ మీద చప్పట్లు కొట్టింది. నేను బయటికొచ్చి వాకిలి ఊడ్చాను. పొద్దున ఊడ్చిన వాకిలే.