ఆర్జులా అత్త పేరు చదివిన రోజు

కార్వెల్, మిసిసిపీ
అక్టోబర్ 14, 1997

డెల్ఫీన్ వదినకు,

ఎర్నెస్టీన్ నమస్కారాలు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం తిని తిరుగుతూనే ఉన్నాం. డెట్రాయిట్‌లో నువ్వూ, నీ కూతురి కుటుంబమూ క్షేమమని ప్రతి క్రిస్మస్‌కీ ఆ పిల్ల పంపే కార్డు వల్ల తెలుస్తూనే ఉంది. కవరు మీద నా చేతిరాత చూడగానే పక్కన పడేసి, కాఫీ తాగాక మళ్ళీ చేతిలోకి తీసుకుని ఉంటావు. నీ తమ్ముడు నీ గురించి చెప్పినవన్నీ నాకింకా గుర్తే.

నీ తమ్ముడు థాడియస్ చనిపోయిన నెలలోనే రేడియో స్టేషన్ అమ్మేద్దామన్నావు. ఆ ఇటుకల గదే నీ తమ్ముణ్ణి తినేసిందన్నావు. నేను అమ్మనన్నాను. నువ్వు మైకు ముందు నుంచి లేచి, అటునుంచటే బస్సెక్కావు. రేడియోలో నువ్వు చదివే చావు కబుర్లు అప్పట్నుంచీ నేనే చదువుతూ వచ్చాను. ఎవరిది తప్పో తేల్చడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేను నా మాట మీదే ఉన్నాను, నువ్వూ నీ మాట మీదే ఉండి ఉంటావు. కానీ ఈ సంవత్సరం మన ఓక్స్ రేడియోకి ఏం జరిగిందో నీకు తెలియాలి. అందులో సగం నువ్వు పుట్టించిందే కదా.

ఏప్రిల్‌లో సుడిగాలి వచ్చింది. కోళ్ళ ఫారం పైకప్పు ఎగిరి పత్తి చేలో పడింది. మన టవరు నడుం దగ్గర విరిగి రోడ్డుకి అడ్డంగా పడుకుంది. మనుషులకేమీ కాలేదు, అదొక్కటే అదృష్టం. స్టేషన్ మాత్రం మూగబోయింది. పొద్దున్నే రేడియో తిప్పితే గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. జనం చర్చి దగ్గర కనిపించి, ఇంట్లో ఎవరో పోయినట్టుందమ్మా అనేవాళ్ళు.

క్లియోఫస్ నీకు తెలుసు, సెలూన్ నడిపేవాడు. ఇప్పుడు మన దగ్గర మధ్యాహ్నం పాటలు వేస్తున్నాడు. అతను తన బండికి చర్చి లౌడ్‌స్పీకర్ కట్టుకుని ఊరంతా తిరుగుతూ వార్తలు చెప్పడం మొదలుపెట్టాడు. క్లినిక్‌కి డాక్టరు ఏ రోజు వస్తాడు, ఏ రోడ్డు మీద చెట్టు పడింది, అన్నీ చెప్పేవాడు. మధ్యమధ్యలో తన సెలూన్ గురించి కూడా ఒక ముక్క.

ఆ సమయంలోనే ఆర్జులా పికెన్స్ అత్త పోయింది. నిద్రలోనే, ఏ బాధా లేకుండా. నువ్వు చదివే రోజుల్నుంచి ఆవిడ సంగతి నీకు తెలిసిందేగా. చావు కబుర్లలో ఒక పేరు తప్పు పలికితే చాలు, చదవడం పూర్తయ్యేలోగా ఫోన్ మోగేది. ఎవరు ఎవరి మనవడో, ఏ పేరు ఎలా పలకాలో ఆవిడ చెప్పాకే మనకు తెలిసేది.

అంత్యక్రియల హాలు నడిపే హాస్కెల్ గారు మా ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్నారు. ఆర్జులా అత్త కొడుకు లెమ్యూల్ పూడ్చడానికి ఒప్పుకోవడం లేదట. రేడియోలో అమ్మ పేరు చదివాకే పూడుస్తానంటున్నాడట. క్లియోఫస్ బండి మీద చెబుతాడు కదా అంటే లెమ్యూల్ ఏమన్నాడో తెలుసా?

“మా అమ్మ ఏమన్నా చేపల గంపా, బండి మీద అరిచి చెప్పడానికి?”

లెమ్యూల్‌ని తప్పుపట్టలేకపోయాను. హాస్కెల్ గారిని మాత్రం ఆవిణ్ణి హాలు చల్లగదిలోనే ఉంచి ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమని బతిమాలాను.

ఇంతలో ఒక పెద్ద కంపెనీ మనిషి వచ్చాడు. స్ట్రాటన్ అని, మంచి సూటు, మెత్తటి మాట. ఊరూరా స్టేషన్లు కొంటున్నారట. ఏడాది పాటు గొంతు విప్పకపోతే మన లైసెన్సు ఎలాగూ పోతుందనీ, ఈలోగా వాళ్ళకిచ్చేస్తే మెంఫిస్ నుంచి ఇంకా మంచి కార్యక్రమాలు ఇక్కడ వినిపిస్తామనీ చెప్పాడు. మీ వాళ్ళు వినే పాటలే వేస్తామమ్మా అన్నాడు. నేను పీకాన్ పప్పులు వేసి కాల్చిన తీపి పై ఒక ముక్క పెట్టి, చల్లటి తీపి టీ పోసి, మీ నాన్న కథ చెప్పాను.

మామయ్య గిడియన్ పోయినప్పుడు అత్తయ్య ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క స్టేషన్‌కి నడుచుకుంటూ వెళ్ళిందని చెప్పాను. దూరపు పొలాల్లో పనిచేసే అన్నదమ్ములకి కబురందాలి, పేరు చదవండి అని అడిగితే, అక్కడ బల్ల ముందు కూర్చున్న తెల్లాయన తల కూడా ఎత్తకుండా మీ వాళ్ళ చావులు మేము చదవం అన్నాడని చెప్పాను. ఆ అన్నదమ్ములు వచ్చేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయిందని చెప్పాను. రేడియోలు బాగుచేసుకునే నా మొగుడు ఆ మాట మోసుకుని తిరిగి తిరిగి, డెబ్భై ఒకటిలో సొంత స్టేషన్ పెట్టాడనీ, మొదటి రోజు మా వదిన ఆ మైకులో చదివిన మొదటి మాట తన తండ్రి పేరేననీ చెప్పాను.

అవి పాత రోజులమ్మా అన్నాడు స్ట్రాటన్.

“ఆర్జులా పికెన్స్ పోయింది మొన్నే బాబూ,” అన్నాను. “మెంఫిస్‌లో కూర్చున్నవాడు ఆవిడ పేరు చదువుతాడా?”

అతను పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. పై ముక్క పూర్తిగా తిన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపాను.

గ్రీన్‌విల్‌లో మూతబడిన టాక్సీ కంపెనీ ఒకటుంది. టాక్సీలకి కబుర్లు పంపే దాని రేడియో టవరు ఊరికే తుప్పు పడుతోందని మన పాస్టరుగారికి తెలిసి, అడిగి తెచ్చారు. పాతదానికంటే పొట్టిది. అయినా ఊరూ, చుట్టుపక్కల పొలాల రోడ్లూ అందుతాయని ఇంజనీరు చెప్పాడు. మే నెలలో ఒక శనివారం పత్తి మిల్లు వాళ్ళు, చర్చి మగవాళ్ళు, కోళ్ళ ఫారంలో షిఫ్టు దిగినవాళ్ళు, అందరూ వచ్చారు. ఆడవాళ్ళం చేపలు వేయించి, మొక్కజొన్న రొట్టెలు కాల్చి, ఆకుకూర ఉడికించి బల్లల మీద పెట్టాం. టవరు లేచేదాకా ఎవరూ ముట్టమన్నారు.

మొదటిసారి టవరు సగం లేచి పక్కకి ఒరిగింది. తాళ్ళు పట్టుకున్నవాళ్ళు కాళ్ళు నేలకి తన్నిపెట్టి ఆపి, మెల్లగా కిందికి దించారు. ఈ రోజు వదిలేద్దామని పాస్టరుగారు అనబోతుంటే, లెమ్యూల్ అరచేతులు ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ తాడు అందుకున్నాడు.

“అమ్మ అక్కడ కాచుకునుంది,” అన్నాడు.

అంతే. రెండోసారి రెండు ట్రాక్టర్లు తెచ్చి కట్టారు. లేచి నిలబడింది వదినా. నిటారుగా. అప్పుడు తిన్నారు చూడు, గిన్నెలు కడగాల్సిన పని లేకుండా.

మర్నాడు ఆదివారం పొద్దున్న, చర్చికి ముందు, నేను మైకు ముందు కూర్చున్నాను. స్టేషన్ బయట వాకిలి నిండా మనుషులే. కార్ల తలుపులు తెరిచి పెట్టి రేడియోలు పెద్దగా పెట్టుకున్నారు. టవరు పడ్డాక పోయినవాళ్ళందరి పేర్లూ చదివాను. ఎవరి బిడ్డ, ఎవరి భర్త, ఏ చర్చి, ఎప్పుడు పూడ్చారు. చివరగా ఆర్జులా అత్త పేరు చదివాను, ఆవిడకు నచ్చేలా ఒక్కో అక్షరం పలికి. కిటికీలోంచి చూస్తే, లెమ్యూల్ టోపీ తీసి గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. మంగళవారం అంత్యక్రియలకి చర్చి పట్టలేదు. ఎక్కడెక్కడి పొలాల నుంచో వచ్చారు. అందరూ రేడియోలో విన్నామన్నారు.

స్ట్రాటన్ మళ్ళీ రాలేదు. వచ్చినా పై ముక్క పెడతాను, స్టేషన్ మాత్రం ఇవ్వను. లైసెన్సు మన చేతిలోనే ఉంది. పొద్దున్న వార్తలు, చావు కబుర్లు, పాస్టరుగారి ప్రార్థన, క్లియోఫస్ పాటలు, అన్నీ మళ్ళీ వినిపిస్తున్నాయి. థాడియస్ ఉంటే ఆ పొట్టి టవరు చూసి నవ్వేవాడు. ఆ తర్వాత దాని కింద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

పిల్లలకు నా ముద్దులు. నీ మోకాళ్ళు జాగ్రత్త.

నీ తమ్ముడి భార్య,
ఎర్నెస్టీన్ ఓక్స్

తా.క. ఇంత కథ ఫోన్‌లో చెప్పొచ్చుగా, ఉత్తరమెందుకు అనుకుంటున్నావేమో. చెప్పలేను వదినా. గొంతులో క్యాన్సర్ అని మార్చిలోనే, ఆ గాలి రాకముందే, జాక్సన్ డాక్టరు చెప్పాడు. వెంటనే కోసి తీసేయాలన్నాడు. ఇంతలో టవరు పడింది, అది లేచేదాకా ఆగమన్నాను. ఆయన నన్ను తిట్టిన తిట్లు నువ్వు కూడా తిట్టి ఉండవు. ఆ ఆదివారం నేను చదివిన పేర్లే మైకులో నా గొంతు పలికిన చివరి మాటలు. ఆ గురువారమే ఆపరేషన్ అయింది. రోగం మొత్తం పోయిందంటున్నారు, దాంతోపాటు గొంతూ పోయింది. ఏడవకు, నేను ఏడవడం లేదు. వంట చేసుకుంటున్నాను, స్టేషన్ నడుపుతున్నాను, పలక మీద రాసి అందరినీ తిడుతున్నాను. కష్టమల్లా చావు కబుర్లతోనే. క్లియోఫస్ వాటిని బేస్‌బాల్ స్కోరులా చదువుతున్నాడు. మొన్న ఒకాయన పేరు చదివి, వెంటనే అందరికీ శుభోదయం అన్నాడు. ఈ ఊరికి నీ గొంతు కావాలి. పొద్దున్న కుర్చీ నీది, గది తుడిపించి పెట్టాను. వస్తావో రావో ఫోన్ చేసి చెప్పు. నేనే ఎత్తుతాను. ఈసారి నువ్వు ఎంతసేపు మాట్లాడినా మధ్యలో అడ్డురాను.